ఫ్రీడైవింగ్‌కి ముళ్ల వాచీ: ముందు సెకన్ల ముల్లు చూడండి

చెల్లెమ్మా, మీరు అడిగింది ఇదీ. బరంపురంలో ఉద్యోగం చేస్తున్నారు. చలికాలంలో అండమాన్ వెళ్లి, స్వరాజ్ ద్వీప్‌లో ఫ్రీడైవింగ్ మొదటి కోర్సు పూర్తిచేశారు. సిలిండర్ లేకుండా, ఊపిరి బిగబట్టి 16 మీటర్ల దాకా దిగారు. ఇప్పుడు మంచి ముళ్ల వాచీ ఒకటి కావాలి. నీళ్లలోకి పనికిరావాలి, ఆఫీసుకి పెట్టుకోవాలి, పెళ్లికి బరంపురం పట్టు కట్టుకున్న రోజు కూడా చేతికి అందంగా ఉండాలి. మణికట్టు చుట్టుకొలత 15 సెంటీమీటర్లు, బడ్జెట్ 30 వేలు. నీటి లోతుకి తట్టుకునే లెక్కలో 200 మీటర్లది చాలా, 300 కావాలా, వాచీలో చేరిన హీలియాన్ని బయటికి వదిలే హీలియం వాల్వ్ ఉండాలా అని మీ అనుమానం.

మాది గోపాల్‌పూర్, చేపలు పట్టే కుటుంబం. ఆరేళ్లు అండమాన్‌లో డైవింగ్ వాళ్ల దగ్గర పనిచేశాను. ఇప్పుడు బరంపురం బడా బజార్‌లో మా మేనమామ వాచీల షాపులో కూర్చుంటున్నాను. వాచీ నీళ్లలో ఎలా ఉంటుందో, విప్పితే లోపల ఎలా ఉంటుందో రెండూ చూసినవాణ్ణి కాబట్టి కొంచెం వివరంగానే చెప్తాను.

అసలు సంగతి ముందు చెప్పేస్తాను. ఫ్రీడైవింగ్‌లో మీ చేతికున్న ముళ్ల వాచీ మీరు దిగినప్పుడు మీకు పెద్దగా ఉపయోగపడదు. అడుగున ఉన్నప్పుడు వాచీ చూడాలంటే చెయ్యి తిప్పాలి, తల వంచాలి, ఒంటి వరస చెడుతుంది, టెన్షన్ పెరుగుతుంది, ఆక్సిజన్ ఖర్చవుతుంది. ఆ వాచీ పనిచేసేది పైన. మీతో కలిసి డైవింగ్ చేసే జతగాడు కిందకి దిగినప్పుడు అతని టైమ్ చూడ్డానికి, అతను పైకి వచ్చాక కనిపెట్టుకుని ఉండడానికి, మళ్లీ దిగేముందు మీరిద్దరూ ఎంతసేపు తేలుతూ ఉన్నారో లెక్కపెట్టడానికి.

ఇది నాకు కోర్సులో కొత్తగా తెలిసిన విషయం కాదు. మా తాత తెప్ప మీద వేటకెళ్లేవాడు. వల రాయికి చిక్కుకుంటే నడుముకి తాడు కట్టుకుని దిగి విడదీసేవాడు. లెక్క ఆయన పెట్టుకునేవాడు కాదు. తెప్ప మీద ఉన్న మనిషి తాడు చేత్తో పట్టుకుని పైకే అంకెలు చెప్పేవాడు. అరవై దాటితే ఒకసారి తాడు కదిపేవాడు, వంద దగ్గరికి వస్తే లాగేసేవాడు. కింద ఉన్నవాడి ప్రాణం పైనున్నవాడి లెక్కలో ఉంటుందని తాత అనేవాడు. మీరు కొనే వాచీ ఆ అంకెలు చెప్పే మనిషి లాంటిది.

అందుకని డయల్ రంగు, చైను మెరుపు తర్వాత చూద్దాం. ముందు సెకన్ల ముల్లు చూడండి.

ఎందుకంటే ఫ్రీడైవింగ్‌లో ఊపిరి అందక స్పృహ తప్పడమనేది చాలాసార్లు పైకి వస్తున్నప్పుడు చివరి పది మీటర్లలోనో, పైకి వచ్చి తల బయటపెట్టిన తర్వాతనో జరుగుతుంది. మనిషి పైకొచ్చి, నవ్వి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి 'ఓకే' చూపించి కూడా, ఆ తర్వాత మెత్తగా పక్కకి ఒరిగిపోవచ్చు. అందుకే జతగాడు పైకొచ్చాక కనీసం 30 సెకన్లు అతని ముఖం మీద నుంచి చూపు తిప్పకూడదని నేర్పిస్తారు. ఆ 30 సెకన్లు మనసులో లెక్కపెడితే గాభరాలో పన్నెండో పదిహేనో అవుతాయి. మీరు చేయాల్సింది, అతని తల బయటికి వచ్చిన క్షణంలో సెకన్ల ముల్లు ఎక్కడుందో కంటి చివరతో పట్టుకోవడం. ముల్లు సగం డయల్ తిరిగేదాకా అతని పెదాల రంగు, కళ్లు చూస్తూ ఉండాలి. చెయ్యి నీళ్ల పైన అతని భుజం దగ్గర పెట్టుకుంటే, వాచీ ముఖం, మనిషి ముఖం రెండూ ఒకే చూపులో ఉంటాయి. సన్నగా వెంట్రుకలా ఉండే సెకన్ల ముల్లు ఆ పనికి పనికిరాదు. మాస్కు అద్దం మీద నీటిచుక్కలు, ఎండ, అలలు అడ్డుంటాయి. ముల్లు లావుగా, డయల్ రంగుకి విరుద్ధమైన రంగులో ఉండాలి. నల్ల డయల్ మీద తెల్లటి ముల్లు అన్నిటికన్నా మేలు. ఎర్ర ముల్లు షాపు లైట్లో చాలా అందంగా ఉంటుంది గానీ, నీళ్లలో ఎరుపు మొదట చచ్చిపోయే రంగు. అయిదు మీటర్లు దాటేసరికి బూడిదరంగులోకి మారుతుంది.

ముల్లు మీద మనం 'రేడియం' అని పిలిచే వెలుగు పూత కూడా ఉండాలి. ఇప్పటి వాచీల్లో నిజం రేడియం లేదు, వెలుతురు పీల్చుకుని చీకట్లో వదిలే పదార్థం వేస్తారు. గంటల ముల్లుకీ నిమిషాల ముల్లుకీ అందరూ వేస్తారు. సెకన్ల ముల్లుకి, లేదా దాని తోక దగ్గర ఒక చుక్కకి వేశారా అనేది చూడండి. డైవింగ్ వాచీల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 6425 ప్రకారం చీకట్లో కూడా వాచీ నడుస్తోందని తెలియాలి. ఆ చుక్క అందుకోసమే. షాపులో వాచీని ఫోన్ టార్చ్ కింద అరనిమిషం పెట్టి, రెండు అరచేతులు దోసిలిలా మూసి లోపలికి చూడండి. కదిలే చుక్క కనిపిస్తే తీసుకోండి. కనిపించకపోతే, అది డైవింగ్ వాచీ వేషం వేసిన మామూలు వాచీ కావచ్చు.

ముల్లు సాఫీగా జారే ఆటోమేటిక్ వాచీయా, టిక్ టిక్ మంటూ ఒక్కో సెకను దూకే బ్యాటరీ వాచీయా అని కూడా అడుగుతారు చాలామంది. అందానికి ఆటోమేటిక్ నాకు ప్రాణం. మెషీన్ విప్పి చూస్తే ఒక లోకం. కానీ నీళ్లలో 30 లెక్కపెట్టడానికి దూకే ముల్లు తేలిక, ఒక్కో దూకుడు ఒక్కో అంకె. ఇంట్లో మంచం మీద పడుకుని ఊపిరి బిగబట్టే అభ్యాసం చేసేటప్పుడు కూడా అంతే. ఒకటిన్నర నిమిషం బిగబట్టడం, రెండు నిమిషాలు విశ్రాంతి, తర్వాతి విడతలో విశ్రాంతి పదిహేను సెకన్లు తగ్గించడం, ఇలా ఎనిమిది విడతలు చేయిస్తారు కదా. దానికి పెద్ద టిక్ టిక్ ముల్లే సుఖం. ఈ అభ్యాసం మంచం మీదే చేయండి. ఒంటరిగా బాత్‌టబ్‌లో గానీ, ఛత్రపురం దగ్గర తంపర చెరువులో గానీ, ఎక్కడైనా సరే నీళ్లలో ఒంటరిగా చేయకండి.

ఇక చుట్టూ తిరిగే రింగు, అదే బెజెల్. దీని గురించి అందరూ చెప్పేది ఒకటుంది, దాన్ని కొంచెం మార్చి అర్థం చేసుకోవాలి. 1953లో బ్లాంక్‌పాన్ కంపెనీ ఫిఫ్టీ ఫాథమ్స్ తెచ్చింది. రోలెక్స్ సబ్‌మెరైనర్ కూడా ఆ కాలానిదే. బెజెల్ మీద గడిచిన నిమిషాలు చూసుకునే పద్ధతి ఈ తరం వాచీలతో స్థిరపడింది. తర్వాత బెజెల్ ఒకే దిక్కుకి, గడియారం ముళ్లకి ఎదురు దిక్కుకి మాత్రమే తిరగాలనే నియమం వచ్చింది. కారణం సిలిండర్ డైవర్లు. ఎక్కడైనా తగిలి బెజెల్ జరిగితే, గడిచిన టైమ్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. డైవర్ గాలి అయిపోవచ్చిందనుకుని ముందే పైకి వస్తాడు. తప్పు జరిగినా ప్రాణం నిలుస్తుంది.

మన ఫ్రీడైవింగ్‌లో ఇదే తిరగబడుతుంది. మనం బెజెల్‌ని ఎక్కువగా వాడేది పైన విశ్రాంతి లెక్కపెట్టడానికి. పైకి రాగానే బెజెల్ సున్నాని నిమిషాల ముల్లు దగ్గరికి తిప్పి, కింద గడిపిన టైమ్‌కి కనీసం రెండింతలు పైన ఉండాలి. ఒకటిన్నర నిమిషం దిగితే కనీసం మూడు నిమిషాలు. మధ్యలో నీళ్ల మీద తేలే బోయాకో, దానికి వేలాడే తాడుకో రాసుకుని బెజెల్ రెండు క్లిక్కులు జరిగిందనుకోండి. మీరు రెండు నిమిషాలే ఆగినా, మూడు అయినట్టు చూపిస్తుంది. తొందరగా దిగిపోతారు. సిలిండర్ డైవర్‌ని కాపాడే తప్పు మనల్ని ప్రమాదంలోకి నెడుతుంది. అందుకని ఒకే దిక్కుకి తిరుగుతుందా అనే దానితో ఊరుకోకండి, ఎంత బిగుతుగా ఉందో చూడండి. వేలితో పక్కనుంచి తడితే కదలకూడదు. క్లిక్కు క్లిక్కుకీ గట్టిగా ఆగాలి, వదులుగా ఊగకూడదు. తిప్పాలంటే రెండు వేళ్లతో పట్టు కావాలి. 120 క్లిక్కుల బెజెల్ అయితే అర నిమిషం తేడాతో సరిగ్గా పెట్టుకోవచ్చు. షాపులో ఈ ఒక్క పరీక్షకి రెండు నిమిషాలు తీసుకోండి. షాపువాడు విసుక్కున్నా పరవాలేదు.

మొత్తం సెషన్ టైమ్ కూడా అదే బెజెల్‌తో చూడాలంటే కుదరదు, ఒకటే సున్నా ఉంది. నేను నీళ్లలోకి దిగిన నిమిషం మాత్రం మనసులో గుర్తుపెట్టుకుంటాను. నలభై అయిదు నిమిషాలు, గంట దాటితే బయటికి వచ్చేస్తాను.

ఇప్పుడు మీటర్ల సంగతి. 200 రాసి ఉంటే చాలు, నిశ్చింతగా ఉండండి. చెయ్యి వేగంగా ఊపితే నీటి ఒత్తిడి విపరీతంగా పెరుగుతుంది కాబట్టి 300, 500 మీటర్లది కొనాలని మా బజార్లో కూడా చెప్తారు. అది లెక్కకి నిలవదు. సెకనుకి అయిదు మీటర్ల వేగంతో చెయ్యి విసిరినా అదనంగా పడే ఒత్తిడి దాదాపు ఒకటింబావు మీటరు లోతుతో సమానం. ఫ్రీడైవర్ సెకనుకి మీటరు వేగంతో దిగుతాడు, అప్పుడు అదనపు ఒత్తిడి అయిదు సెంటీమీటర్ల నీటికి మించదు. మీరు 20 మీటర్లు దిగితే వాచీ మీద పడేది ఆ 20 మీటర్ల నీటి బరువే. హీలియం వాల్వ్ అయితే మీకు అసలు అక్కర్లేదు. సముద్రం అడుగున పనిచేస్తూ రోజుల తరబడి ఒత్తిడి గదుల్లో హీలియం కలిసిన గాలి పీల్చే డైవర్ల కోసం పుట్టిందది. మనం పైనే గాలి పీల్చి దిగేవాళ్లం. ఆ వాల్వ్‌కి పెట్టే డబ్బు మంచి గ్లాసు మీద పెట్టండి.

200 లోనూ రెండు రకాలున్నాయి. డయల్ మీద 'డైవర్స్ 200' అని ఉంటే ఐఎస్ఓ 6425 ప్రకారం తయారైనదని అర్థం. ఆ ప్రమాణంలో రాసిన లోతుకన్నా పావు వంతు ఎక్కువ ఒత్తిడికి పరీక్షిస్తారు. 'వాటర్ రెసిస్ట్ 200' అని మాత్రమే ఉంటే నీళ్లకి తట్టుకుంటుంది గానీ ఆ పూర్తి పరీక్షల ముద్ర లేదు. సిటిజన్ ప్రోమాస్టర్ డైవర్, సీకో ప్రోస్పెక్స్ డైవర్ వాచీలు మొదటి రకం. కేసియో డ్యూరో, ఓరియంట్ కమాసు రెండో రకం. మీరు దిగే లోతుకి ఈ రెండోవి కూడా బాగానే పనిచేస్తాయి. జాగ్రత్తపడాల్సింది సీకో 5 స్పోర్ట్స్ దగ్గర. 2019లో వచ్చిన ఈ మోడళ్లు చూడ్డానికి అచ్చం సీకో వాళ్ల పాత ఎస్‌కేఎక్స్ డైవర్ వాచీలా ఉంటాయి, బెజెల్ కూడా తిరుగుతుంది. కానీ లోతు 100 మీటర్లే, పక్కన ఉండే కీ మరతో బిగించేది కాదు, లాగితే వచ్చేది. ఈతకి బంగారంలాంటి వాచీ. ఫ్రీడైవింగ్‌కి మాత్రం నేను చెప్పను. 'ఫస్ట్ కాపీ' సబ్‌మెరైనర్‌లు బడా బజార్లోనూ దొరుకుతాయి. వాటిని నీళ్ల దగ్గరికే తీసుకెళ్లకండి.

నిజానికి వాచీలోకి నీళ్లు వెళ్లేది లోతు ఎక్కువై కాదు, రబ్బరు వాషర్ పాడైనందువల్ల. నా మొదటి డైవింగ్ వాచీ బ్యాటరీది, 200 మీటర్లది. బ్యాటరీ అయిపోతే వేరే ఊళ్లో దారిలో కనిపించిన షాపులో మార్పించాను, పది నిమిషాల్లో ఇచ్చేశారు. వెనక మూతలో వాషర్ మార్చలేదు, దానికి గ్రీజు రాయలేదు, ప్రెషర్ టెస్ట్ చేయలేదు. నేను అడగనూ లేదు. మర్నాడు 12 మీటర్లకి దిగి పైకి వచ్చాక చూస్తే గ్లాసు లోపలి వైపు 6 అంకె దగ్గర ఆవగింజంత నీటిబొట్టు. సాయంత్రానికి డయల్ అంచున తుప్పు మరక వచ్చింది. తర్వాత మామయ్య విప్పి చూపించాడు. వాషర్ ఒకచోట మెలితిరిగి, మూత అంచు కింద నలిగి, తెగిన సేమియా ముక్కలా ఉంది. అప్పటినుంచి ఎవరు బ్యాటరీ మార్చమని తెచ్చినా, డైవింగ్ వాచీ అయితే, వాషర్ కొత్తది వేయకుండా, టెస్ట్ చేయకుండా మూత మూయను. మీరు ఇచ్చే చోట ప్రెషర్ టెస్ట్ మెషీన్ ఉందా అని ముందే అడగండి. లేదంటే భువనేశ్వర్‌కో విశాఖకో కంపెనీ సర్వీస్ సెంటర్‌కి పంపండి.

అందుకే మీకు నా మొదటి సలహా సోలార్ వాచీ. వెలుతురుతోనే చార్జ్ అవుతుంది, రెండేళ్లకోసారి మూత తీసే పని ఉండదు, అంటే కంపెనీలో బిగించిన సీలు చాలాకాలం కదలదు. సిటిజన్‌లో ఎకో-డ్రైవ్ అంటారు. ప్రోమాస్టర్ డైవర్‌లో 44 మిల్లీమీటర్ల పెద్దది అందరికీ తెలుసు, మీ చేతికి అది పళ్లెంలా ఉంటుంది. అదే వరసలో 36, 37 మిల్లీమీటర్ల చిన్నది కూడా ఉంది, 200 మీటర్లదే. 15 సెంటీమీటర్ల మణికట్టుకి అది సరిపోతుంది. చార్జ్ తగ్గితే సెకన్ల ముల్లు రెండేసి సెకన్లు దూకుతుంది, అది మీకు ముందస్తు కబురు.

సైజు అంటే డయల్ వెడల్పు ఒక్కటే చూస్తారు. అసలు కొలత బెల్టు తగిలే పై కొమ్ము నుంచి కింది కొమ్ము వరకు ఉన్న నిడివి. మీ మణికట్టు పైభాగం చదునుగా ఉండేది అయిదు సెంటీమీటర్లు కూడా ఉండదు. ఆ నిడివి 46 మిల్లీమీటర్లు దాటితే కొమ్ములు చేతి అంచు దాటి బయటికి పొడుచుకొస్తాయి, తాడుకి తగులుకుంటాయి. కీ 3 అంకె దగ్గర పెద్దగా ఉన్నా, తాడు లాక్కుంటూ దిగేటప్పుడు మణికట్టు వంగినప్పుడల్లా చేతి వెనక గుచ్చుతుంది. 4 దగ్గర ఉంటే హాయి. ఓరియంట్ కమాసు మీకు నచ్చితే ఒకసారి చేతికి పెట్టుకుని చూడండి. దాదాపు 42 మిల్లీమీటర్లు, కొంచెం పెద్దదే. కానీ సులువుగా గీతలు పడని సఫైర్ గ్లాసు, ఆకుపచ్చ డయల్, ఆ ధరలో అంత అందం అరుదు. డబ్బు మిగుల్చుకోవాలంటే కేసియో డ్యూరో పదివేల లోపే వస్తుంది, పనికి లోటుండదు. కానీ అది మీ చేతికి పెద్దది, పట్టుచీర పక్కన మొరటుగా ఉంటుంది.

ఇక అందం అంటారా, అది బెల్టులో ఉంది. ఒకే వాచీకి రెండు బెల్టులు కొనండి. నీళ్లకి రబ్బరు బెల్టు, గీతలు గీతలుగా ముడతలున్నది. వెట్‌సూట్ మీద వాచీ కడితే, లోతుకి వెళ్లేకొద్దీ సూట్ రబ్బరులోని గాలి బుడగలు నొక్కుకుపోతాయి. పది మీటర్ల దగ్గరే ఆ గాలి సగానికి తగ్గుతుంది. ఒడ్డున బిగుతుగా ఉన్న బెల్టు కింద గాజులా జారుతుంది. ముడతల రబ్బరు సాగి, మళ్లీ దగ్గరికి వస్తుంది కాబట్టి జారదు. నాటో బెల్టు కూడా మంచిదే. ఒకే గుడ్డ పట్టీ రెండు స్ప్రింగ్ పిన్నుల కిందుగా పోతుంది కాబట్టి ఒక పిన్ను ఊడినా వాచీ చేతికే ఉంటుంది. ఆ పిన్నులు ఉప్పుకి లోపల్నుంచి తుప్పు పడతాయి, ఏడాదికోసారి మార్చేయండి, చాలా తక్కువ ఖర్చు. తోలు బెల్టు సముద్రానికి వద్దు. పెళ్లికి, ఆఫీసుకి స్టీలు చైను పెట్టుకోండి. మెరిసేది కాకుండా, గీరినట్టు, మెరుపు తక్కువగా ఉండే రకం. నల్ల డయల్, స్టీలు చైను బరంపురం పట్టు మీద ఎంత హుందాగా ఉంటాయో మా అక్క చేతికి చూశాను. ఆ చీరల మీద గుడి ఆకారంలో వచ్చే ఫోడా కుంభ అంచు పక్కన బంగారు పూత వాచీ పెడితే రెండూ పోటీపడతాయి. సాదా స్టీలు పెడితే చీర చీరగా, వాచీ వాచీగా కనిపిస్తాయి.

ఏ చేతికి అనేది కూడా చెప్తాను. మిమ్మల్ని తాడుకి తగిలించి ఉంచే భద్రతా పట్టీ, అంటే లాన్యార్డ్, ఒక మణికట్టుకి ఉంటుంది, వాచీ రెండో చేతికి ఉండాలి. రెండూ ఒకే చోట ఉంటే ఒకదాన్నొకటి రాసుకుంటాయి. 20 మీటర్లు దాటి శిక్షణ తీసుకోవాలనుకున్న రోజున లోతు చూపించే డైవ్ కంప్యూటర్ వేరే తీసుకోండి. ముళ్ల వాచీ ఎంత ఖరీదైనా ఆ పని చేయలేదు.

గోపాల్‌పూర్ ఒడ్డు దగ్గర సాధన చేయొచ్చా అని చివర్లో రాశారు. వద్దమ్మా. ఇక్కడ అల ఒడ్డు మీదే విరిగిపడుతుంది, నీళ్లు ఇసుకతో కలగలిసి ఉంటాయి, చెయ్యి చాస్తే వేళ్లు కనబడని రోజులే ఎక్కువ. పైన ఎంత మంచి వాచీ పెట్టుకుని మనిషి ఉన్నా, కింద ఉన్నవాణ్ణి చూడలేడు. అండమాన్‌లో, శిక్షకుల దగ్గరే దిగండి.

నీళ్ల నుంచి వచ్చాక కీ బిగించి ఉందని చూసుకుని, వాచీని మంచినీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, బెజెల్‌ని ఒక చుట్టు తిప్పండి, ఇసుక బయటికి వస్తుంది. నీళ్లలో ఉండగా కీ ముట్టుకోకండి. వేడి నీళ్ల స్నానానికి, సబ్బుకి దూరంగా ఉంచండి, వాషర్‌ని అవి తొందరగా గట్టిపరుస్తాయి.

కొన్నాక, సముద్రంలోకి తీసుకెళ్లేముందు ఇంట్లో ఒక పని చేయండి. బకెట్ నీళ్లలో వాచీని ఒక రాత్రి ఉంచి, తుడిచి, కిటికీ ఎండలో కాసేపు పెట్టండి. ముట్టుకుంటే గోరువెచ్చగా తగలాలి, అంతకన్నా వేడి వద్దు. అప్పుడు గ్లాసు మీద కుండలోని చల్లటి నీళ్లు ఒక చుక్క వేసి నిమిషం ఆగండి. మీ సెకన్ల ముల్లు ఒక చుట్టు తిరగ్గానే చుక్క తుడిచి గ్లాసు లోపలివైపు చూడండి. అక్కడ ఆవిరి మచ్చ కనిపిస్తే లోపల తేమ ఉన్నట్టే, వాచీని బిల్లుతో సహా కొన్న షాపుకి తిరిగి తీసుకెళ్లండి. గ్లాసు తేటగా ఉంటే రబ్బరు బెల్టు మార్చి బ్యాగులో పెట్టుకోండి.